ఏడవని పాప

మా వంశంలో ఎమ్.ఫార్మసీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే. ఆ సంగతి ఎవరినీ మరిచిపోనిచ్చేదాన్ని కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అనంతపురం ఊరి బయట ఒక కాలేజీలో చేరాను. సెలవులకు బెళుగుప్ప దగ్గరి మా ఊరికి వచ్చినప్పుడల్లా ఇంట్లోవాళ్ళకు ఏదో ఒకటి నేర్పందే నాకు తోచేది కాదు. నీళ్ళు కాచి తాగాలనీ, పుండు మీద పసుపు అద్దకూడదనీ చెప్పేదాన్ని. మా నాయన ఓపిగ్గా తల ఊపేవాడు. మా అన్న మాత్రం నన్ను ఎలకల డాక్టరు అనేవాడు. చేనిలో ఎలుకలు బొరియల్లో దాచుకున్న వేరుశనగ కాయల్ని తవ్వి తీయడం మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలిసిన విద్య. దానికోసం అనంతపురం దాకా పోయి ఫీజు కట్టడమెందుకని అతని ఎగతాళి.

అతను అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. ఆ ఏడాది నా చదువంతా తెల్ల ఎలుకల చుట్టూనే తిరిగింది. మత్తుకు అలవాటుపడ్డ ఎలుకలకు మా మెట్టల మీద దొరికే ఒక ఆకు రసం పోస్తే ఆ అలవాటు తగ్గుతుందా లేదా చూడమని మా గైడు పని అప్పజెప్పాడు. మార్ఫిన్ అనే మత్తుమందు తెప్పించడానికి కాగితాలు నెలల తరబడి తిరిగాయి. అది వచ్చేలోపు చెక్కపెట్టె ఒకటి చేయించాం. అందులో రెండు గదులు, నడుమ ఎత్తి దించే తలుపు. ఒక గదికి నల్లరంగు, గరుకు నేల. రెండోదానికి తెల్లరంగు, నున్నటి నేల, పైన దీపం. ఒక రోజు ఎలుకకు మార్ఫిన్ సూది వేసి తెల్లగదిలో పెట్టి తలుపు మూసేదాన్ని. మర్నాడు ఉత్త ఉప్పునీళ్ళ సూది వేసి నల్లగదిలో పెట్టేదాన్ని. ఇలా కొన్నాళ్ళు జరిగాక, ఏ సూదీ వేయకుండా పెట్టెలో వదిలి, తలుపు ఎత్తేసి, అది ఏ గదిలో ఎంతసేపు ఉంటుందో చూడాలి.

ఎలుక చీకటిని వెతుక్కునే జంతువు. మొదటి రోజు పెట్టెలో వదిలినప్పుడు అన్నీ నల్లగదిలోకే దూరాయి. సూదులన్నీ అయ్యాక వదిలితే మొదటి ఎలుక గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, నేరుగా తెల్లగదిలోకి నడిచి, దీపం కింద కూర్చుంది. అక్కడ తిండి లేదు, మందు లేదు, ఇంకో ఎలుక లేదు. అయినా కదల్లేదు. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా కళ్ళతో చూసేసరికి పరుగున పోయి మా గైడును పిలుచుకొచ్చాను. మా గైడు మాత్రం మామూలుగా టీ తాగుతూ చెప్పాడు. మెదడు లోపల ఒక చిన్న చోటు ఉంటుందట. ఆకలికి తిండి దొరికినా, దప్పికకు నీళ్ళు దొరికినా, తోడు దొరికినా అక్కడ డోపమిన్ అనే రసాయనం ఊరుతుంది. ఇది బాగుంది, గుర్తుపెట్టుకో, మళ్ళీ రా అని చెప్పడమే దాని పని. మత్తుమందు ఏ కష్టమూ లేకుండా ఆ చోటును తట్టి లేపుతుంది. అప్పుడు ఎదురుగా ఏది ఉంటే దాన్ని మెదడు పట్టుకుంటుంది, అది గోడైనా సరే.

ఆ తర్వాతది ఇంకో పని. రోజూ మార్ఫిన్ ఇచ్చిన ఎలుకలకు, దాని పనిని ఒక్కసారిగా నిలిపేసే మరో సూది వేసి, ఏం చేస్తాయో లెక్కపెట్టాలి. తడిసిన కుక్క విదిలించుకున్నట్టు ఒళ్ళంతా విదిలిస్తాయి. పళ్ళు కటకటలాడిస్తాయి. ముందుకాళ్ళు వణుకుతాయి. ఆవలిస్తాయి, కళ్ళలో నీరు కారుస్తాయి, విరేచనాలు చేసుకుంటాయి, గాజు తొట్టిలోంచి బయటపడాలని ఎగిరెగిరి దూకుతాయి. ఒక్కోదానికి నోటుబుక్కులో ఒక వరస గీసుకుని గీతలు పెట్టేదాన్ని. రెండు వారాలకే నా చెయ్యి దానంతటది లెక్కపెట్టేటంతగా అలవాటైంది.

దసరా సెలవులకు ఊరికి వచ్చేసరికి వేరుశనగ చెట్లు పీకే పని ముమ్మరంగా ఉంది. మా నేలలో ఆ పని ఆగేది కాదు. వాన పడి పదును ఉన్న నాలుగు రోజుల్లోనే పీకాలి. నేల గట్టిపడితే చెట్టు చేతికొస్తుంది, కాయ భూమిలోనే తెగి ఉండిపోతుంది. అందుకని ఇంట్లో కాళ్ళూ చేతులూ ఉన్న ప్రతి మనిషీ చేనిలోనే. మా అన్న, వదినలకు ఎనిమిది నెలల పాప ఉండేది. దాన్ని కూడా చేనికే తీసుకుపోయేవాళ్ళు. గట్టు మీది వేపచెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టి, మా అమ్మ ఆ చెట్టు నీడలోనే కూర్చుని కాయలు తెంచేది. పాప పొద్దున పడుకుంటే మధ్యాహ్నం దాకా కదిలేది కాదు. ఇంత బుద్ధిమంతురాలైన బిడ్డను చూడలేదని పక్క చేలవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. ఏడవని పాప అనే పేరు కూడా పడింది.

నేనూ మెచ్చుకున్నాను. ఎత్తుకుని ఆడించబోతే మెడ వాల్చేసేది. కంటిపాపలు ఆవగింజంత ఉండేవి. ఎండకు అలా ఉన్నాయనుకున్నాను. ఇంట్లో నీడలోకి తెచ్చాక కూడా అలాగే ఉన్నాయని చూశాను. చూసి ఊరుకున్నాను. అన్నీ తెలిసినదాన్ని కదా, తెలియనిది కంటికి ఆనలేదు.

పాపకు మా అమ్మంటే ప్రాణం. వదిన ఎత్తుకుంటే ఉండేది గానీ, మా అమ్మ కనబడితే రెండు చేతులూ చాచి ఆమె మీదికి ఉరికేది. కన్నతల్లి కంటే నేనే ఎక్కువని మా అమ్మ నలుగురిలో చెప్పుకుని మురిసేది. ఆమె తన గురించి గొప్పగా చెప్పుకున్న మాట నా జీవితంలో అదొక్కటే విన్నాను. ఒక సాయంత్రం నేను మా పెట్టె సంగతి, తెల్లగది సంగతి కథలా చెబితే అందరూ నవ్వారు, మా అమ్మ నవ్వలేదు. ఆడ ఏమీ లేదని దానికి ఎవరన్నా చెప్పరాదా పాపం అంది.

రెండు రోజులకు మా అమ్మ ఎవరో బంధువు పోయారని కళ్యాణదుర్గం వెళ్ళి ఒక రాత్రి అక్కడే ఉండిపోయింది. మర్నాడు వదిన చేనికి పోతూ పాపను నాకు అప్పజెప్పింది. పొద్దునే పాప ఆవలించడం మొదలుపెట్టింది. నిద్ర వస్తోందనుకుని జోకొట్టాను. పడుకోలేదు. తుమ్మింది, మళ్ళీ ఆవలించింది, మళ్ళీ తుమ్మింది. ముక్కూ కళ్ళూ కారాయి. పలచగా విరేచనమైంది. చేతులు సన్నగా వణికాయి. తర్వాత ఏడుపు అందుకుంది. గొంతు చీరుకుపోయేటట్టు, ఊపిరి తిప్పుకోకుండా ఏడ్చింది. పక్కింటి అవ్వ వచ్చి దిష్టి అని ఉప్పు తిప్పిపోసింది. నేను పాపను భుజాన వేసుకుని నడవలో అటూ ఇటూ తిరుగుతున్నాను. నా కుడిచేతి బొటనవేలు పాప వీపు మీద ఒక్కొక్క ఆవలింతకు ఒక్కొక్క గీత గీస్తోందని కాసేపటికి గమనించాను.

అక్కడే ఆగిపోయాను. ఈ వరసలన్నీ నాకు తెలుసు. నోటుబుక్కులో నా చేత్తో గీసుకున్నవే. అయినా మనసు ఒప్పుకోలేదు. ఎనిమిది నెలల పసిబిడ్డ ఎక్కడ, కాలేజీలో బీరువాకు రెండు తాళాలు వేసి దాచే మార్ఫిన్ ఎక్కడ. నాకు పిచ్చి పట్టిందనుకున్నాను.

సాయంత్రం అన్నావదినలు చేను నుంచి రాకముందే మా అమ్మ బస్సు దిగి, తల మీద నీళ్ళు పోసుకుని లోపలికి వచ్చింది. ఆమెను చూడగానే పాప నా చేతుల్లోంచి జారిపోయేటంతగా వంగి చేతులు చాచింది. మా అమ్మ దాన్ని చంకనేసుకునే ఉగ్గురాయి దించింది. గూట్లోంచి చిన్న గుడ్డమూట తీసింది. అందులో ఉండేవి ప్రతి ఇంట్లో ఉండేవే. వసకొమ్ము, కరక్కాయ, జాజికాయ, మాచికాయ. ఒక్కొక్కదాన్ని రెండు చుట్లు అరగదీసింది. చివరగా ఒక ఎండుకాయ తీసింది. గుండ్రంగా, గోధుమరంగులో, నెత్తిన చిన్న కిరీటంతో ఉంది. దాన్ని మాత్రం చాలాసేపు అరగదీసింది. ఆ గంధమంతా పాలలో కలిపి ఉగ్గుగిన్నెతో పోసింది. అరగంట గడవకముందే పాప వణుకు తగ్గింది, కళ్ళు మూతలుపడ్డాయి. నా చెయ్యి పడితే గానీ ఊరుకోదు చూడు అని మా అమ్మ నవ్వింది.

ఆ కాయ బొమ్మ మా పాఠ్యపుస్తకంలో ఒక పేజీ నిండా ఉంటుంది. దాని కింద ఒక్కొక్క భాగం పేరూ రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. అదేమిటని అడిగాను, తెలిసే అడిగాను.

“గసాల కాయ. సంతలో మూలికలమ్మే ముసలామె ఇస్తాది. రోంత అరగదీసి పోస్తే బిడ్డ కడుపునొప్పి లేకుండా పండుకుంటాది” అంది.

రోజుకు ఎన్నిసార్లు అంటే, పొద్దున ఒకసారి, చేనికి పోయినాక ఒకసారి, రాత్రి ఒకసారి అని చెప్పింది. నాలుగో నెల నుంచి పోస్తోందట. మొదట్లో రెండు చుట్లు చాలేవి, ఇప్పుడు పది తిప్పినా చాలడం లేదని ఆమే చెప్పింది. నాకు కోపం వచ్చింది, ఎంత కోపమంటే ఇప్పటికీ ఆ గొంతు నాదని నమ్మలేను. అది విషమని, నల్లమందూ మార్ఫినూ తీసేది ఆ కాయలోంచేనని, రోంత ఎక్కువైతే ఊపిరి ఆగిపోతుందని అరిచాను. మా అమ్మ బిత్తరపోయి, బిడ్డ బాగానే ఉండాది కదా, నన్ను చూస్తే ఎంత సంబరపడతాదో నువ్వే చూసినావు కదా అంది.

“అది నీకోసం చేతులు చాపలేదమ్మా. ఆ కాయ కోసం చాపింది. నా ఎలకలు తెల్లగదిలోకి పోతాయని చెప్పినా సూడు, అట్ల. దానికి నువ్వు ఆ గదివి, అంతే.”

మా అమ్మ పాపను చాప మీద పడుకోబెట్టింది. గుడ్డమూట నా చేతికిచ్చింది. చదువుకున్న బిడ్డ చెప్పింది, అంతకుమించి ఆమెకు కారణం అక్కర్లేదు. నేను కాయలన్నీ పొయ్యిలో వేసి, అవి కాలిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఒక బిడ్డను కాపాడానని గర్వంగా కూడా ఉంది.

మర్నాటి నుంచి పాప ఏడుపు ఇంట్లో ఎవరినీ కుదురుగా ఉండనివ్వలేదు. పాలు పట్టిస్తే కక్కేసేది. విరేచనాలు ఆగలేదు. కాయ సంగతి అన్నావదినల దగ్గర ఎత్తకుండా, రెండు రోజుల్లో సర్దుకుంటుందని నేనే అందరికీ ధైర్యం చెప్పాను. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో పోశాను. మా అన్న అనంతపురం తీసుకుపోదామంటే, అక్కడా ఇవే నీళ్ళు పోస్తారని ఆపింది కూడా నేనే. రెండో రోజుకు కళ్ళు లోతుకు పోయాయి. మా అమ్మ నా దగ్గరికి వచ్చి, ఒక్క చుట్టు, ఒకే ఒక్క చుట్టు అరగదీసి పోస్తానని, ఆ కాయ పక్కింట్లో ఉందని బతిమాలింది. నేను ససేమిరా అన్నాను. మూడో రోజు పొద్దున పాప ఒళ్ళు బిగుసుకుంది. కళ్ళు పైకి తేలేశాయి.

జీపులో వదిన ఒళ్ళో పాప ఉంది. కాళ్ళూ చేతులూ ఆగి ఆగి అదురుతున్నాయి. ఎదురు సీట్లో కూర్చుని చూస్తున్నాను. అప్పుడు తెలిసింది నాకు. ఎలుకలకు నేను వేసిన రెండో సూది ఏం చేసిందో, పొయ్యిలో పడేసిన కాయలు ఈ బిడ్డకు అదే చేశాయి. అలవాటైన మందును ఒక్కసారిగా ఆపకూడదని, మెల్లగా తగ్గిస్తూ రావాలని పుస్తకంలో ఎర్ర పెన్నుతో గీత గీసుకున్న వాక్యం నాకు కంఠతా వచ్చు. పరీక్షలో రాశాను కూడా. ఇంట్లో ఆ వాక్యం గుర్తే రాలేదు. పరీక్ష కోసం చదివినది మనుషులకు వర్తిస్తుందని నాకు తట్టనే లేదు. బెళుగుప్ప నుంచి అనంతపురం దాకా ఆ మాట ఎవరికీ చెప్పలేకపోయాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాప తలలోని నరానికి సూది పెట్టి సెలైను ఎక్కిస్తూనే, ఏమైనా నాటుమందు పోశారా అని అడిగింది. తల్లిపాలు, రాగిజావ తప్ప ఏమీ లేదు తల్లీ అని మా అమ్మ వెంటనే చెప్పింది. అన్న నేల చూశాడు. వదిన పాప కాలు పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ జ్వరమా, మెదడు వాపా అని పరీక్షలు రాయబోతోంది. నేను నోరు విప్పితే మా అమ్మ కోడలి ముందు, కొడుకు ముందు దోషి అవుతుంది. విప్పకపోతే ఈ బిడ్డ వాళ్ళు వెతుకుతున్న రోగం దొరికేలోపు పోతుంది. చెప్పాను. గసాల కాయ నాలుగు నెలలుగా పోస్తున్నారని, మూడు రోజుల కిందట ఒక్కసారిగా ఆపేశామని చెప్పాను. ఎవరు ఆపారని ఆమె అడిగింది. నేనే అన్నాను. ఏం చదువుతున్నావని అడిగింది. అదీ చెప్పాను, ఎలుకల సంగతితో సహా.

ఆమె రాస్తున్న కాగితం మీంచి తలెత్తి నన్ను చూసింది. “ఎలకలకు ఆపితే ఏమైతాదో కూర్చొని లెక్కపెట్టినావు. పసిబిడ్డకు ఎట్ల ఆపినావమ్మా?” అంది. తిట్టలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఆ కాయకు బదులుగా మందు చుక్కలు మొదలుపెట్టి, వాటిని వారాల మీద కొద్దికొద్దిగా తగ్గిస్తామని చెప్పింది. మర్నాటి మధ్యాహ్నానికి అదురు ఆగింది. పాప పాలు తాగి కక్కుకోకుండా పడుకుంది. బతుకుతుంది అని డాక్టరమ్మ అన్నాక వరండాలో గోడకు ఆనుకుని కూలబడ్డాను. వదిన వచ్చి పక్కన కూర్చుంది. నీకు తెలియకుండా ఇంత జరిగిందని, నన్ను క్షమించమని ఏదో అనబోయాను. తనకు ఎందుకు తెలియదని, ఆ కాయ తెచ్చుకోమని చెప్పిందే తన పుట్టింటివాళ్ళని ఆమె మామూలుగా చెప్పింది. కొలత అత్తకే తెలుసని, ఆమె ఊళ్ళో లేని ఆ ఒక్కరోజు తను మూట ముట్టలేదట. అన్నకూ తెలుసు. పక్కింటి అవ్వకూ తెలుసు. పదును పోకముందే చేను పీకాలి, బిడ్డ పడుకోవాలి, అంతే. ఆసుపత్రిలో నాటుమందు మాటెత్తితే తిడతారని మా అమ్మ దాచింది గానీ, మా ఇంట్లో అదేం రహస్యం కాదు. నేనొక్కదాన్నే తెలియనిదాన్ని.

కాసేపటికి మా అమ్మ కూడా వచ్చి, మాకు కొంచెం దూరంగా కూర్చుంది. “నిన్నూ దాన్నే పోసి పెంచినా. నిన్ను ఉయ్యాల్లో వేసి పనికి పోకుంటే ఇల్లు గడిచేది కాదు. నాకు తెలీదమ్మే అది ఇట్లాంటిదని” అంది. నా మీద కోపంతో అనలేదు. ఆ వరండాలో ఆమె వైపు తల తిప్పి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

సెలవులయ్యాక కాలేజీకి వెళ్ళి మిగిలిన ఎలుకలకు సూదులు వేశాను. మానేసి ఉంటే బాగుండేదని ఇప్పుడు రాయొచ్చు గానీ, మానలేదు. డిగ్రీ కావాలి. గీతలు గీస్తూనే ఉన్నాను. ఒక్కొక్క గీతకూ పాప ముఖం కనబడేది. ఆకు రసం కొంత పనిచేసిందని రాసి, సంతకం పెట్టి, పుస్తకం కట్టించి ఇచ్చాను.

మళ్ళీ ఊరికి పోయేసరికి ఎండలు ముదిరాయి. పాపకు చుక్కలు పూర్తిగా ఆపేసి చాలా రోజులైంది. మొదటి పుట్టినరోజు కూడా దాటింది. కంటిపాపలు మామూలుగా ఉన్నాయి, రోజంతా అల్లరి, కిందపడితే ఊరంతా వినబడేటట్టు ఏడుపు. ఏడవని పాప అనే పేరు ఎవరూ ఎత్తడం లేదు. అయితే మా అమ్మ పాపను ఎత్తుకోవడం లేదు. నీళ్ళు పోయడం, అన్నం పెట్టడం అన్నీ వదినే. ఆసుపత్రి నుంచి వచ్చిన నాటి నుంచి అంతేనని వదిన చెప్పింది. చెప్పి చూశారట, వినలేదట.

ఆ సాయంత్రం మా అమ్మ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పాప నడవలోంచి పాక్కుంటూ వచ్చింది. నన్ను దాటింది, వాళ్ళమ్మను దాటింది. మా అమ్మ దగ్గరికి పోయి, మోకాలు పట్టుకుని పైకి లేచి, మొహంలోకి చూసి నవ్వింది. ఎత్తుకోమని చేతులు చాచింది. మా అమ్మ చాట పక్కన పెట్టింది గానీ దాన్ని ముట్టుకోలేదు. ఎత్తుకో అమ్మా, నీకోసమే వచ్చింది అన్నాను.

“నాకోసం కాదులే. ఆ కాయ ఇంగా మర్సిపోలేదు” అంది.

అది ఎప్పుడో మరిచిపోయిందని చెప్పాను. ఒంట్లో దాని జాడ కూడా లేదని, నీళ్ళు పోసేది వదిన, అన్నం పెట్టేది వదిన, అయినా నీ దగ్గరికే వచ్చిందంటే అది నీమీద ప్రేమేనని చెప్పాను. నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. నేను చెప్పిందేదైనా ఆమె ఎప్పుడూ అలాగే వినేది.

“నిజంగా నాకోసమే వచ్చిందని నీకెట్ల తెలుసు?” అని అడిగింది.

పాప చేతులు చాచి చాచి అలసిపోయి, ఆమె కొంగు నోట్లో పెట్టుకుని, ఆమె కాళ్ళ దగ్గరే కూర్చుండిపోయింది. మా అమ్మ చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, తల వంచుకుని రాళ్ళు ఏరుతూ ఉంది.